రచ్చబండ ఎవరిది?

గత నాలుగైదేళ్లుగా మన రచయితల నోట ఒక ప్రకటన తరచు వినబడుతోంది: "నేను ఫేస్‌బుక్ వదిలేశాను." వెనకటి తరంలో సిగరెట్టు మానేసినవాళ్లు ఎలా చెప్పేవారో ఇదీ అలాగే ఉంటుంది. గొంతులో కొంత గర్వం, కొంత ఊపిరి పీల్చుకున్న సుఖం, వినేవాడింకా మానలేదన్న జాలి. కొందరు ఆ ప్రకటనను ఫేస్‌బుక్‌లోనే చేసి, ఎవరేమన్నారో చూడడానికి రెండు రోజులు ఆగి, అప్పుడు వెళ్తారు. నేనూ 2022 ఉగాది వెళ్లిన వారంలో ఖాతా మూసేశాను. రెండు రోజులు ఆగినవాళ్లలోనూ ఉన్నాను. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా ఎత్తిపొడిచినట్టు కనిపిస్తే అందులో మొదటి వాటా నాదేనని పాఠకులు గ్రహించాలి.

సోషల్ మీడియా కంటికి చేటా, నిద్రకు చేటా, పిల్లల చదువుకు చేటా అన్న చర్చను వైద్యులకూ తల్లిదండ్రులకూ వదిలేద్దాం. సాహిత్య విమర్శ రాసేవాడికి అంతకంటే దగ్గరి ప్రశ్నలు రెండున్నాయి. ఆ వేదిక మీద మన విమర్శ ఏమైంది? దాన్ని వదిలినవాళ్లలో చాలామంది ఒక విషయం చుట్టూ కూడి మాట్లాడుకునే పాతరకం చర్చావేదికల వైపు, ఫోరమ్‌లంటున్న వాటివైపు వెళ్తున్నారు; అక్కడ అంత ఆకర్షణ దేనికి? రెండో ప్రశ్నకు ఇంతవరకు వినబడిన జవాబులు ఎక్కువ భాగం బాల్యస్మృతుల వంటివి. అప్పట్లో ఎంత బాగుండేది, ఎంత మర్యాదగా మాట్లాడుకునేవాళ్లం అన్న నిట్టూర్పులు. నిట్టూర్పు విమర్శ కాదు.

నేను ఎందుకు మానానో ముందు చెప్పాలి. 2021లో ఒక యువకవి తన తండ్రి మీద కవిత పెట్టాడు. కుర్రవాడు బట్టల దుకాణంలో పనిచేస్తాడు, రాత్రి పదిన్నరకు షట్టరు దించాక రాసుకుంటాడు. తండ్రి బావులు తవ్వే మనిషి. ఆరేడు పంక్తులు చూపించి, మిగతాది కావాలంటే ఇక్కడ నొక్కమంటుంది తెర. ఆ ఆరేడు పంక్తులూ నిజంగా బాగున్నాయి; పలుగు రాతిని తాకిన చప్పుడు వినబడింది. నేను నొక్కలేదు. అప్పటికే అరవై మంది మెచ్చుకుని ఉన్నారు. నా పేరు కనబడకపోతే కుర్రవాడు ఏమనుకుంటాడోనన్న మొహమాటం. "గొప్ప కవిత. మన కవిత్వంలోకి కొత్త చెమట వచ్చింది" అని రాసి కిందికి జరిగిపోయాను. మొత్తం పావు నిమిషం పని.

ఎనిమిది నెలలకు పుస్తకం వచ్చింది. వెనక అట్ట మీద ఆ రెండు వాక్యాలు, కింద నా పేరు, పేరు కింద 'ప్రముఖ విమర్శకులు' అన్న మాట. ఆవిష్కరణ సభలో మాట్లాడమన్నారు. ముందురోజు రాత్రి ఆ కవితను మొదటిసారి పూర్తిగా చదివాను. చివర, నీళ్లు పడని బావిని ఆ కుర్రవాడు గొడ్రాలితో పోల్చాడు. పోలిక ఏదో మధ్యలో తగిలి పోలేదు. కవిత మొత్తం అక్కడికే నడిచి, దాని మీదనే ముగిసింది. భాష స్త్రీని ఎలా శిక్షిస్తుందో ముప్పై ఏళ్లు డిగ్రీ తరగతుల్లో చెబుతూ నేను ఉదాహరణకు తీసుకుంటూ వచ్చిన పోలిక సరిగ్గా అదే. దానికి నేను 'గొప్ప' అని కితాబిచ్చాను. సభలో ఆ కవిత జోలికి పోకుండా మాట్లాడాను. ప్రశ్నల సమయంలో ఎం.ఏ. చదివే ఒక అమ్మాయి లేచి, "సార్, అట్ట మీద మీ మాట ఉంది. ఆఖరి చరణం మీకు అభ్యంతరం అనిపించలేదా?" అని అడిగింది. చదవకుండానే మెచ్చుకున్నానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కవి అనుభవ పరిధి అనీ, గ్రామీణ భాషలో సహజమైన పలుకుబడి అనీ ఏదో అన్నాను. ఆమె కూర్చుంది, ఒప్పుకుని కాదు. పక్క కుర్చీలో ఉన్న కవి ముఖం నేను చూడలేదు.

ఇది నీ బలహీనత, దానికి వేదికను నిందించడమెందుకు అని అడగవచ్చు. బలహీనత నాదే. మొహమాటపు మెప్పులు మన సాహిత్యానికి కొత్తవి కూడా కావు. ముందుమాటల్లో సగం ఆ బాపతువే. ఐతే ఒక తేడా ఉంది. ముందుమాట రాసే మొహమాటస్థుడు నాలుగు పేజీలు నింపాలి. నాలుగు పేజీలు నిండాలంటే పుస్తకం తిరగెయ్యక తప్పదు. అచ్చయిన మాట బీరువాలో నిలబడి ఎప్పుడో ఒకప్పుడు లెక్క అడుగుతుంది. ఫేస్‌బుక్ నా బలహీనతకు పావు నిమిషంలో పని ముగించే సౌకర్యం కల్పించింది, ఆ పావు నిమిషాన్ని లెక్కలో వేసుకుంది, దాన్ని అమ్ముకుంది. మన విమర్శకులు సాధారణంగా మొదటి రెంటి దగ్గరే ఆగిపోతారు. అసలు కథ మూడోదాంట్లో ఉంది.

1932లో బెర్టోల్ట్ బ్రెహ్ట్ రేడియో గురించి మాట్లాడుతూ ఒక కోరిక వెలిబుచ్చాడు. రేడియో ఒకవైపు నుంచి పంచిపెట్టే యంత్రంగా మాత్రమే ఉందనీ, వినేవాడికి మాట్లాడే అవకాశం కూడా ఇచ్చి, అతణ్ణి ఒంటరిగా వదలకుండా పదిమందితో కలిపే యంత్రంగా దాన్ని మార్చాలనీ అతని వాదం. మన తరం అభ్యుదయ రచయితలు ఆ మాట చదివి పులకించిపోయినవాళ్లే. ఫేస్‌బుక్ వచ్చినప్పుడు బ్రెహ్ట్ కల నిజమైందని నేనే ఒక సభలో అన్నాను. వినేవాడు మాట్లాడుతున్నాడు, సంపాదకుడి గడప తొక్కనక్కర్లేదు, పోస్టు ఖర్చు లేదు. మాట్లాడే హక్కు వచ్చింది కాని, ఎవరి మాట ఎవరి చెవిన పడాలో నిర్ణయించే హక్కు మాట్లాడేవాళ్ల చేతికి రాలేదన్న సంగతి నాకు తట్టలేదు. అది కంపెనీ చేతిలో ఉంది. కంపెనీకి కావలసింది మన సంభాషణ కాదు, సంభాషణ పేరుతో మనం తెర ముందు కూర్చునే సేపు. ఫేస్‌బుక్ యజమాని ఐన మెటా కంపెనీకి 2024లో వచ్చిన ఆదాయం దాదాపు 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి తొంభై ఏడు పాళ్లకు పైగా ప్రకటనల డబ్బు. అంటే అక్కడ సరుకు మన కవిత కాదు, కవిత చదివే కన్ను.

ఈ లెక్క రచన స్వభావాన్ని ఎలా తాకుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2021లో ఆ కంపెనీ లోపలి పత్రాలు కొన్ని బయటికి వచ్చాయి. వాటినిబట్టి 2017 నుంచి ఏ రాతను ఎంతమందికి చూపాలో లెక్కవేసేటప్పుడు కోపం, నవ్వు, దుఃఖం వంటి బొమ్మల్లో ఒక్కొక్కదాన్ని అయిదు 'లైకు'లతో సమానంగా తూచారని తెలిసింది. తర్వాత కోపం బొమ్మ తూకాన్ని తగ్గిస్తూ వచ్చి 2020లో సున్నా చేశారు. దీన్ని వ్యాపార రహస్యంగా చూసి ఊరుకోగల వాళ్లున్నారు. అభ్యుదయ రచయితకు ఆ వీలు లేదు. ఎందుకంటే మన ముడిసరుకే కోపం. మన కోపానికి అయిదు రెట్లు ధర కట్టినవాడూ, మరో రోజు సున్నా కట్టినవాడూ ఒకడే. ఆ రెండు రోజుల్లోనూ మనం రాసిన కవిత్వం అదే. ఎక్కువ మందికి చేరిన రోజున మన కవిత్వంలో పదును పెరిగిందనుకున్నాం. నా స్నేహితుల గోడల మీద 2018, 2019ల్లో వచ్చిన కవితలను గుర్తుచేసుకుంటే ఒకటి కనిపిస్తుంది: పొద్దున జరిగిన అన్యాయానికి మధ్యాహ్నానికల్లా కవిత. సాయంత్రానికి అందరూ రాసేశారు గనుక, రేపు రాసేవాడు వెనకబడ్డవాడు. కోపం మగ్గడానికి ఒక రాత్రి కూడా దొరకలేదు.

దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్లదీ కోపమే, ఆ కోపంలో ఆర్భాటమూ ఉంది, స్త్రీల విషయంలో క్షమించరాని మాటలూ ఉన్నాయి. కాని వాళ్ల కోపాన్ని తప్పుపట్టినవాళ్లు పేజీలకు పేజీలు రాసి తప్పుపట్టారు, వాళ్లు జవాబు చెప్పుకోవలసివచ్చింది, వాళ్లలో కొందరు 1970 నాటికి మరో చోటికి నడిచి విరసంలో చేరారు. విమర్శ కవిని కదిలించింది. లైకు కదిలించదు, ఉన్నచోటనే ఊపుతుంది.

ఇంతవరకు రాసింది చదివి, ఐతే అందరూ వదిలెయ్యాలంటావా అని అడిగితే, అంత తేలిగ్గా అనలేను. ఖాతా మూసిన రెండు నెలలకు ఒక కవయిత్రి కనబడి, "మీకేమండీ, పత్రికలున్నాయి, సంఘం ఉంది, వేదికలున్నాయి. మీరు వదిలినా మీ మాట వినబడుతుంది. నేను వదిలితే నన్నెవరు వెతుక్కుంటూ వస్తారు?" అన్నారు. ఆమె కథలను ముగ్గురు సంపాదకులు జవాబు కూడా రాయకుండా తిప్పి పంపిన సంగతి నాకు తెలుసు. నా త్యాగంలో ఉన్న సౌఖ్యాన్ని ఆమె అంత మర్యాదగా చూపించారు. ఇంకో ఉదాహరణ అందరికీ తెలిసిందే. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల ఫేస్‌బుక్‌లో రాసుకున్న రాతలు తర్వాత ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అవి ఆలోచనాపరుడి రాతలు, చదువుకున్న రాతలు. అతనికి మన పత్రికల్లో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయని అడిగితే నేను తలవంచుకోవాలి. తలుపులు మూసిన మనం, కిటికీలోంచి దూరినవాణ్ణి నువ్వు దూరిన కిటికీ పెట్టుబడిదారుడిదని మందలించడం బాగుండదు.

కవిసంగమం మాటా చెప్పాలి. 2012లో కవి యాకూబ్ మొదలుపెట్టిన ఆ ఫేస్‌బుక్ సమూహం ఎందరో కొత్త కవులకు మొదటి పాఠకుల్ని ఇచ్చింది. నాకు అందులో వచ్చిన కవిత్వం అంతటి మీదా మంచి అభిప్రాయం లేదు. కాని గమనించవలసింది, అది తెర దగ్గర ఆగలేదు. హైదరాబాదులో సభలు పెట్టి మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టింది, సంకలనాలు అచ్చు వేసింది. ఫేస్‌బుక్‌ను వాడుకుంటూనే ఫేస్‌బుక్ కోరని పని చేసింది. ఈ మాటను ఇక్కడ ఆపుతాను, మళ్లీ అవసరమవుతుంది.

ఇక చర్చావేదికల ఆకర్షణ. నా పాత విద్యార్థి ఒకతను బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. సోషల్ మీడియా అంతా మానేసి రెడ్డిట్‌లో మాత్రం ఉంటానన్నాడు. ఏమిటా సంగతని చూపించమన్నాను. తెలుగు పిల్లలు నడిపే గుంపు ఒకటి చూపించాడు, దాని పేరు 'నీ బొంద'. (పేరు విని నేను నవ్విన నవ్వుకు అతను ధైర్యం తెచ్చుకుని ఇంకొన్ని చూపించాడు, అవి ఇక్కడ రాయదగ్గవి కావు.) సినిమా తగువులూ వెక్కిరింతలూ తీసేస్తే, ఆకర్షణ ఎక్కడుందో నాకు అరగంటలో అర్థమైంది. అక్కడ మనిషి ముఖం ముందుకు రాదు, విషయం ముందుకు వస్తుంది. ప్రశ్న ఒకటి పైన ఉంటుంది. దాని కింద జవాబులు, జవాబు కింద అభ్యంతరం, అభ్యంతరం కింద సవరణ మెట్లుమెట్లుగా ఉంటాయి. రాసినవాడు ప్రొఫెసరా, ప్యూనా అన్నది తెలియదు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పనక్కర్లేదు. పాతరకం ఫోరమ్‌లలో ఐతే మూడేళ్ల కిందటి చర్చకు ఇవాళ ఎవరైనా ఒక వాక్యం చేరిస్తే అది మళ్లీ లేచి మొదటి వరసలోకి వస్తుంది. పాతమాట మీద గౌరవం ఆ కట్టుబాటులోనే ఉంది. ఒక్కటి మాత్రం వింత. ఆ పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. చేతిలో ఉన్న ఫోనుకు తెలుగు మీటలున్నా అంతే.

ఆ మాటకొస్తే తెలుగు నెట్టులో మొదటి చర్చలూ రోమన్ లిపిలోనే జరిగాయి, అప్పుడు గత్యంతరం లేక. 1990లలో యూజ్‌నెట్‌లో ఎస్.సి.ఐ.టి. అని పిలుచుకునే తెలుగు గుంపు ఉండేది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లు ఆర్.టి.ఎస్. అనే పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసుకుని ఛందస్సు నుంచి ఆవకాయ దాకా వాదించుకునేవారు. ఆర్.టి.ఎస్.లో మొదటి అక్షరం రైస్ విశ్వవిద్యాలయానిది. 1998లో 'ఈమాట' పత్రిక వచ్చింది. ఆ చుట్టుపక్కల కాలంలోనే యాహూలో 'రచ్చబండ' అనే సాహిత్య చర్చా సమూహం నడిచింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైతే, అక్కడి సభ్యులు అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి పెట్టుకున్న పేరు కూడా 'రచ్చబండ' అనే. ఆ రోజుల్లో నేను వీటి దరిదాపుల్లో లేను. మా కళాశాలలో ఉన్న ఒక్క కంప్యూటరు ప్రిన్సిపాలు గదిలో గుడ్డ కప్పుకుని ఉండేది.

రెండుసార్లు, రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు ఒకే పేరు ఎంచుకున్నారంటే ఆ పేరును విమర్శకుడు పట్టించుకోవాలి. రచ్చ అంటే నలుగురూ కూడే చోటు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఆ అర్థంలోనే. ఇప్పటి కుర్రకారు నోట 'రచ్చ' అంటే గోల, గొడవ. ఈ రెండర్థాల మధ్య దూరం ఫోరమ్‌కూ ఫేస్‌బుక్‌కూ మధ్య దూరమంతే ఉందని చమత్కరించవచ్చు. కాని నాకు తోచే ప్రశ్న మరొకటి. ఊరి రావిచెట్టు కింద ఆ బండ మీద కూర్చున్నదెవరు? మా ఊళ్లో దాని మీద కూర్చున్నవాళ్ల కులాలు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మాల మాదిగలు చెప్పులు చేత పట్టుకుని దాన్ని దాటేవారు. తగువు వాళ్లదైతే ఎదురుగా దూరంగా నిలబడేవారు. ఆడవాళ్లు తల వంచుకుని పక్క సందులోంచి వెళ్లేవారు. నీళ్లబావి దగ్గర వాళ్లకు వేరే రచ్చ ఉండేది, దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు. బండ మీద జరిగింది సంభాషణ అని మనం అనుకుంటున్నాం. చాలామందికి అది తీర్పు.

యూరపులో కాఫీ దుకాణాల్లోనూ పత్రికల్లోనూ పుట్టిన బహిరంగ చర్చ గురించి 1962లో హేబర్మాస్ రాసిన పుస్తకానికి సరిగ్గా ఈ అభ్యంతరమే వచ్చింది. అందరిదీ అన్న ఆ చోటు ఆడవాళ్లనూ శ్రామికులనూ బయట నిలబెట్టి అందరిదైందని 1990లో నాన్సీ ఫ్రేజర్ చూపించింది. మన నెట్టు రచ్చబండలకూ ఇది వర్తిస్తుంది. 1990లలో అమెరికాలో కంప్యూటరు ముందు కూర్చుని ద్విపద గురించి వాదించగలిగిన తెలుగువాళ్లు ఏ వర్గం, ఏ కులాలు, ఎంతమంది స్త్రీలు అన్నది పరిశోధన చేసి తేల్చవలసినంత కష్టమైన ప్రశ్న కాదు. అక్కడి మర్యాదలో కొంతభాగం నిజమైన సంస్కారమే. కొంతభాగం మాత్రం, మర్యాద తప్పవలసిన అవసరం ఉన్నవాళ్లు లోపలికి రాకపోవడం వల్ల మిగిలింది. "అప్పట్లో ఎంత బాగుండేది" అనేవాళ్లు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

నేల ఎవరిదన్న ప్రశ్న ఇక్కడా వదలదు. యాహూ తన సమూహాల్లో పేరుకున్న సామగ్రిని తొలగిస్తున్నట్టు 2019 అక్టోబరులో ప్రకటించింది. 2020 డిసెంబరు 15న మొత్తం మూసేసింది. ఎవరికి వారు ముందుచూపుతో దాచుకున్నది దక్కింది, తక్కినది పోయింది. 1924లో మొదలై 1991లో ఆగిపోయిన 'భారతి' సంచికలను తర్వాత ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. 1930లో ఎవరు ఎవరి మీద ఏ సమాసం గురించి విరుచుకుపడ్డారో పరిశోధక విద్యార్థి చూసుకోగలడు. ఇరవై ఏళ్ల కిందటి యాహూ వాదం కావాలంటే ఎవరి పాత కంప్యూటరులోనో వెతకాలి. కాగితం కంటే విద్యుత్తు చిరకాలం నిలుస్తుందని నమ్మినవాళ్లం మనమే. రెడ్డిట్‌దీ ఇదే దారి. 2023 జూన్‌లో కంపెనీ బయటి యాప్‌ల మీద భారీ రుసుము వేస్తే, జీతం బత్తెం లేకుండా గుంపులు నడిపేవాళ్లు వేల గుంపుల తలుపులు మూసి నిరసన తెలిపారు. అది ఒక రకం సమ్మె. కంపెనీ వెనక్కి తగ్గలేదు. 2024 మార్చిలో న్యూయార్కు స్టాకు మార్కెట్టుకెక్కింది. ఊరి జనం కూర్చుని కూర్చుని నున్నబడ్డ బండను ఎవడో వేలానికి పెట్టినట్టుంది.

ఐతే ఇందులో ఆశపడదగ్గది ఏమీ లేదా? నాకు దొరికింది ఒకటుంది. ఫేస్‌బుక్ మానిన ఏడాదికి ఒక మిత్రుడి ప్రోద్బలంతో తెలుగు వికీసోర్సులో చేరాను. అక్కడ పాత పుస్తకాల పేజీల బొమ్మలు ఒకపక్క ఉంటాయి, రెండోపక్క మనం ఆ పాఠాన్ని దిద్దాలి. దిద్దిన పేజీ పసుపు రంగులోకి మారుతుంది. ఇంకొకరు వచ్చి మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. దిద్దినవాడే తన పేజీని ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు, రెండో మనిషి కావలసిందే. ఈ చిన్న నియమం మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. 1930ల నాటి ఒక వ్యాససంపుటిలో పేజీ దిద్దుతూ 'తెఱచి' అన్నదాన్ని అలవాటు కొద్దీ 'తెరచి' అని కొట్టాను. రెండు రోజుల తర్వాత ఎవరో దాన్ని సవరించి, "మూలంలో బండి ఱ ఉందండి, ఉన్నదున్నట్టే ఉంచాలి" అని చర్చాపేజీలో రాశారు. అతనెవరో నాకు తెలియదు, ఆడో మగో తెలియదు. నేను చేసిన పేజీని ఒక మనిషి అక్షరం అక్షరం చదివారు. పదేళ్లు ఫేస్‌బుక్‌లో ఉండి, వేల మెప్పులు పొంది, నేను ఆ గౌరవం పొందలేదు, ఇంకొకరికి ఇవ్వలేదు. బావుల కవిత గుర్తుకొచ్చి ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను.

అప్పుడు నాకు అర్థమైంది, చర్చావేదిక ఆకర్షణ మాట్లాడుకోవడంలో లేదు. మధ్యలో ఒక పని ఉండడంలో ఉంది. పని ఉన్నచోట తగువు కూడా పని గురించే నడుస్తుంది. పని లేనిచోట మనిషికి తనను తాను ప్రదర్శించుకోవడం తప్ప గతి లేదు. కవిసంగమం విషయంలో నేను ఆపిన మాట ఇదే. సభకు హాలు మాట్లాడాలి, సంకలనానికి ప్రూఫులు దిద్దాలి. అది కుదిరిన మేరకు ఫేస్‌బుక్ మీద కూడా సమూహం సమూహంగా బతికింది. మన సంఘాలు మాత్రం ఎలా నిలబడ్డాయి? 1943లో తెనాలిలో తొలి అభ్యుదయ రచయితల మహాసభ జరిగిన నాటినుంచి, ఉపన్యాసాల కంటే ఎక్కువగా, పత్రిక కట్టలు కట్టి రైలుకెక్కించడం మీదా, చందాల పుస్తకం మీదా, కథ చదివి వినిపిస్తే నలుగురూ మొహమాటం లేకుండా తిట్టడం మీదా నిలబడ్డాయి. ఆ పనులు తగ్గి వాట్సాప్ గుంపులు పెరిగిన ఏ శాఖనైనా చూడండి. పొద్దున్నే వంద నమస్కారాలు, సాయంత్రం ఒక తగువు.

వికీలో లోపాలు లేవని కాదు. ప్రతి మాటకూ అచ్చయిన ఆధారం చూపమంటారు. అచ్చులోకి ఎక్కనివాళ్ల చరిత్ర ఎక్కడినుంచి వస్తుంది? ఒక చిందు కళాకారుడి గురించి రాయడానికి ప్రయత్నించి, ఆయన నోట విన్నది ఆధారం కాదనిపించుకుని వెనక్కి వచ్చాను. పని చేసేవాళ్లు బహు కొద్దిమంది. నాలా పింఛను తీసుకునేవాళ్లూ, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట ఓపిక మిగిలినవాళ్లూ. బట్టల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడే కుర్రవాడికి, ఇంటి చాకిరీ అయ్యాక కథ రాసుకునే ఆమెకు ఇక్కడా చోటు తక్కువే. ఆ నేలకు ప్రకటనలమ్మే యజమాని లేడు, విరాళాలతో నడిచే సంస్థ ఉంది. అంతవరకు నయం. నేను పోగొట్టుకున్నదీ ఉంది. నాతో కలిసి పాతికేళ్లు సభలు నడిపిన మిత్రుడు చనిపోయిన కబురు నాకు పదకొండో రోజున తెలిసింది. అందరూ ఫేస్‌బుక్‌లో చూసి ఉంటాననుకున్నారు.

కిందటేడు ఆ యువకవికి ఉత్తరం రాశాను. ఆ రోజు కవిత పూర్తిగా చదవకుండా మెచ్చుకున్నాననీ, సభలోనూ దాచాననీ, ఆఖరి పోలిక మీద నా అభ్యంతరమేమిటో వివరంగానూ రాశాను. నెలరోజులకు జవాబు వచ్చింది. "మీరు చదవలేదని నాకు అప్పుడే తెలుసు సార్. చదివి ఉంటే ఊరుకునేవాళ్లు కాదు. కాని అట్ట మీద మీ పేరు నాకు కావలసివచ్చింది" అని రాశాడు. పోలిక గురించి మాత్రం వాదించాడు: ఆ మాట తనది కాదట, బావిలో నీళ్లు పడని రోజున తండ్రి తల్లిని తిట్టిన మాటట. ఐతే తిట్టు తినే తల్లి కవితలో ఎక్కడుందని అడిగాను. దానికి జవాబుగా రెండో పుస్తకం రాతప్రతి పంపించాడు. పదకొండు పేజీలు రాసి తిప్పి పంపాను. సగం ఒప్పుకున్నాడు, సగం కొట్టేశాడు. ఈసారి అట్ట మీద ఎవరి మాటలూ వేయనన్నాడు. అతను ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఉన్నాడు. పుస్తకం కబురు అక్కడే పెడతానన్నాడు, మరెక్కడ పెట్టాలి సార్ అని నన్నే అడిగాడు. రాతప్రతి రెండో నకలు ఆనాడు సభలో లేచి అడిగిన అమ్మాయికి పంపాడట. ఆమె ఏం రాసిందో నాకు చూపించలేదు.